ఉట్టి గట్టిదేనా?

మొన్న ఒకాయన అడిగారు: "గేదె కోసం సంతకు వెళ్తే మా బావ దాని పొట్ట కింద చెయ్యి పెట్టి పాల నరం తడిమాడు. బొటనవేలంత లావుంది, కళ్లు మూసుకుని తోలుకుపో అన్నాడు. ఆ నరానికీ పాలకీ నిజంగా సంబంధం ఉందా?"

ఉంది. మీ బావ అనుకున్నంత లేదు.

ముందు ఒక చిన్న తగువు. అది నరం కాదు, సిర, అంటే రక్తాన్ని తిరిగి గుండెకి చేర్చే గొట్టం. నరమంటే మెదడు కబుర్లు మోసేదని బళ్లో చెప్పి పంపిస్తాం. ఇంటికెళ్తే అమ్మ కాలు చూపించి "నరం ఉబ్బిందిరా" అంటుంది. పాఠం అక్కడితో సరి. పాల నరం అన్న మాటను మార్చాలని నాకేం లేదు, మార్చినా వినేవాళ్లు లేరు.

లీటరు పాలు తయారవ్వాలంటే పొదుగులోంచి సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పారాలి. పూటకి ఐదేసి లీటర్లిచ్చే గేదెకి రోజుకొక నీళ్ల ట్యాంకరన్నమాట. ఆ రక్తాన్ని తెచ్చే ధమనులు లోపలుంటాయి, మన కంటికి కనపడవు. పొట్ట కింద మెలికలు తిరుగుతూ కనిపించేది బయటికి పోయే దారి, అదీ ఉన్న దారుల్లో ఒకటి. పైగా పెయ్యగా ఉన్నప్పుడు అది ఒకే సిర కూడా కాదు. ముందు భాగంలో రక్తం రొమ్ము వైపు, వెనక భాగంలో తొడల వైపు, చెరో దిక్కుకి పోతుంది. తొలి ఈత దగ్గరపడేసరికి రక్తం పోటెత్తి సిర సాగుతుంది, రక్తం వెనక్కి మళ్లకుండా ఆపే లోపలి కవాటాలు సరిగా మూసుకోవు, రెండూ కలిసి ముందుకు పారే ఒకే కాలువవుతాయి. పెద్దవాళ్ల పిక్కల మీద నరాలు ఉబ్బడం కూడా ఇలా కవాటాలు పాడయ్యే. ఈతలు పెరిగేకొద్దీ ఇదీ లావెక్కుతుంది. అందుకని బొటనవేలంత నరం ముందుగా చెప్పేది ఆ గేదె చాలాసార్లు ఈనిందని! ఒకే ఈతలో ఉన్న రెండింటిని పోల్చేటప్పుడైతే కాస్త పనికొస్తుంది.

వెంట్రుకల సుడులు చూసి పశువును ఎంచే సంగతి అడగనందుకు సంతోషం. మనవాళ్లే కాదు, 1830లలో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా గెనో అనే ఆయన పొదుగు వెనక వెంట్రుకలు పైకి తిరిగే ఆకారాన్ని బట్టి ఆవు ఎన్ని పాలిస్తుందో చెబుతానన్నాడు. కొన్నాళ్లు యూరప్, అమెరికా నమ్మాయి కూడా. తర్వాత పాలు కొలిచి చూస్తే లెక్క కుదరలేదు. సుడి బాలేదని ఎవరైనా ధర తగ్గిస్తుంటే బేరం మీదే.

మరి దేన్ని చూడాలి? నన్నడిగితే పశువు వెనక్కి వెళ్లి, గొంతుక్కూర్చుని, పొదుగు మధ్య గాడి చూడమంటాను.

పొదుగంటే ఉట్టి. పాడి ఆవుకైతే ఖాళీ పొదుగే 15 నుంచి 30 కిలోలు తూగుతుంది, దానికి పాలు తోడు. ఇంత బరువు కటి ఎముకలనూ పొట్ట గోడనూ పట్టుకుని వేలాడుతుంది. పక్కల నుంచి పట్టుకున్న పట్టీలు కొబ్బరి తాళ్లలాంటివి, పెద్దగా సాగవు. మధ్యలో కుడి ఎడమలను విడదీస్తూ దిగేది వేరే రకం, పసుపుపచ్చగా, లాగు ఎలాస్టిక్‌లా సాగేది. అన్నీ కొబ్బరి తాళ్లే అయితే పాలు నిండటానికి చోటుండదు. అన్నీ ఎలాస్టిక్కే అయితే ఉట్టి నేలకి దిగుతుంది. రోజుకి రెండుసార్లు నిండి రెండుసార్లు ఖాళీ అయ్యే కుండకి ఈ రెండు రకాల తాళ్లూ కావాలి.

ఇంట్లో చేసి చూడండి. ప్లాస్టిక్ కవర్లో నీళ్లు పోసి అంచులు పట్టుకుంటే అడుగు ఒకే గుండ్రంగా ఉబ్బుతుంది. ఇప్పుడు ఆ అడుగు మధ్యలో దారం కట్టి లోపల్నుంచి పైకి లాగండి. గాడి పడి రెండు బుడగలవుతాయి. ఒక్కో బుడగ కింద ఒక అగ్గిపుల్ల అంటించండి, రెండూ తిన్నగా నేలను చూస్తాయి. దారం వదలండి. బుడగలు కలిసిపోయి మళ్లీ ఒకే గుండ్రం, పుల్లలు చెరోవైపుకి తిరుగుతాయి. అగ్గిపుల్లలే చన్నులు, దారమే ఆ మధ్య ఎలాస్టిక్. చన్నులు కుడికీ ఎడమకీ విచ్చుకున్నాయంటే చన్నుల్లో లోపం వెతక్కండి, దారం సాగిపోయింది.

ఇది నాకు మోకాళ్ల మీద అనుభవం. మా ఇంట్లో ఒక గేదె ఉండేది, నరం చూసి కొన్నదే. నాలుగో ఈతకి పొదుగు మడమల కిందికి దిగింది. (వెనక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చే కీలును చాలామంది మోకాలనుకుంటారు, అది పశువు మడమ.) బకెట్ మోకాళ్ల మధ్య పెట్టుకుని పితికితే సగం ధార బకెట్లో, సగం నా లుంగీ మీద. దూడ చన్ను దొరక్క పొదుగును కుమ్మేది. పొదుగు పేడలో ఆనేది, చన్నుకి గిట్ట తగిలేది, చివరికి పొదుగు వాపు. పాలకేం తక్కువ లేదు, ఉట్టి తెగింది.

పాడి పశువుల నిపుణులు ఈ గాడికి 1 నుంచి 9 దాకా అంకె వేస్తారు. అడుగు చదునుగా ఉంటే 1 వైపు, గాడి లోతుగా ఉంటే 9 వైపు. ఎత్తు, ఛాతీ వెడల్పు, గిట్ట కోణం, చన్ను పొడవు, అన్నిటికీ ఇలాగే. ఇవి మార్కులు కావు, కొలతలు. చన్ను పొడవుకి 9 వస్తే పండగ చేసుకోనక్కర్లేదు, మధ్యలో ఉంటేనే పితకడానికి హాయి. ఈ లక్షణాలు వారసత్వంగా దిగడంలోనూ తేడాలున్నాయి. హోల్‌స్టీన్ ఆవుల్లో ఎత్తులో కనపడే తేడాల్లో దాదాపు 40 శాతం జన్యువుల వల్ల, పొదుగు లోతులో నాలుగో వంతు దాకా, గిట్ట కోణంలో ఇంకా తక్కువ. ఆబోతుకి పొదుగుండదు కదా, దానికి పొదుగు అంకెలు కూతుళ్లు తెచ్చిపెడతాయి.

సంతలో ఒక చిక్కుంది. పొదుగు నిండుగా కనపడాలని ముందు పూట పితక్కుండా ఆపి తెస్తారు. అప్పుడు మంచి ఎలాస్టిక్ కూడా సాగి గాడి మాయమవుతుంది, చన్నులు పక్కకి తిరుగుతాయి, చెడ్డ పొదుగూ మంచి పొదుగూ ఒకేలా కనిపిస్తాయి. గేదెల్లో ఇంకో మెలిక. చేపకముందు, అంటే పాలు కిందికి దించకముందు, దాదాపు పాలన్నీ పైన సన్నటి తిత్తుల్లోనే ఉంటాయి, కింది తొట్టిలోకి దిగి ఉండేది 5 శాతం, అంతే. చన్నులు ముడుచుకుని ఉంటాయి కాబట్టి అవి ఎటు చూస్తున్నాయో చేపాకే తెలుస్తుంది.

అందుకని మీ బావను కూడా తీసుకెళ్లి పితికే వేళకు నిలబడండి. చేపాక ఒకసారి, పితికాక ఒకసారి వెనక నుంచి చూడండి. పితికాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడి, మధ్యలో గాడి తేలాలి. గట్టిగా, ముందున్నంతే ఉంటే అది పాల పొదుగు కాదు, కండ. పాలెన్నో మాత్రం గాడి చెప్పదు, వరసగా మూడు పూటలు దగ్గరుండి పితికించి కొలవాల్సిందే. మొదటి పూట లెక్కలో వేసుకోకండి, అందులో నిన్నటి పాలు కూడా ఉండొచ్చు.