నెర్రెల్లో పెద్దదేది, చిన్నదేది?

ఎండిన చెరువు శిఖంలోని నెర్రెలను ఉన్నవున్నట్టుగా గోడకు తగిలించే కళాకారులు నిజంగా ఉన్నారా అని పరకాల నుంచి ఒక విద్యార్థిని అడిగింది. ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన మార్క్ బాయిల్, జోన్ హిల్స్ 1968లో కళ్లకు గంతలు కట్టినవారిచేత ప్రపంచ పటంపైకి డార్టులు విసిరించి, అవి గుచ్చుకున్న తావులకు వెళ్లి, అక్కడి నేలను రెజిన్, ఫైబర్‌గ్లాస్‌లతో అచ్చు దించే పనికి పూనుకున్నారు. పిల్లలిద్దరూ తోడయ్యాక ఆ బృందం బాయిల్ ఫ్యామిలీగా పేరుపడింది.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ నెర్రెలు ఒకదాని తరువాత ఒకటి పుట్టే వరుస. నల్లరేగడిలోని బంకమట్టి నీరు ఆవిరయ్యేకొద్దీ కుంచించుకుపోవాలని చూస్తుంది, అడుగున ఉన్న తడినేల దానిని కదలనివ్వదు. ఈ పెనుగులాటలో పైపొరలో పెరిగే తన్యత ప్రతిబలం, అంటే లాగుడు, మట్టి ఓర్చుకోగల హద్దు దాటిన చోట మొదటి నెర్రె విచ్చుకుంటుంది. విచ్చుకోగానే దానికి అడ్డంగా ఉన్న లాగుడు సడలిపోతుంది, దాని పొడవునా ఉన్నది మిగులుతుంది, అందువల్ల తరువాత వచ్చే నెర్రె దానిని సమీపిస్తూ వంగి, దాదాపు 90 డిగ్రీల కోణంలో తాకి, దాటలేక ఆగిపోతుంది. పెద్ద రోడ్డును తాకి ముగిసే గల్లీ వంటిదన్నమాట: ఆగినది వయసులో చిన్నది, ఆగకుండా సాగినది పెద్దది. ఆ గల్లీని తాకి ఆగిన సందు ఇంకా చిన్నది. ఇలా చూస్తూ పోతే సుద్దముక్కతో నెర్రెలకు వరుస సంఖ్యలు వేయవచ్చు. తరగతి గదిలో మనం గీయించే తేనెతుట్టె ఆకారాలు ఒక్క ఎండకు రావు. నేల పలుమార్లు తడిసి ఆరితేనే కూడళ్లు మెల్లగా జరిగి 120 డిగ్రీలకు చేరతాయి.

మొన్నటి మే నెలలో హన్మకొండ పక్కన ఒక చెరువులో జానెడు మేర ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి చూశాను. అరగంటకు గట్టిపడి, ఎత్తబోతే రెండు ముక్కలైంది. తిరగేస్తే నెర్రెలన్నీ గోడలై నిలిచాయి. మొదలు మందంగా, కొస కత్తివాదరలా పలచగా ఉంది.

ప్రకృతి ఇదే అచ్చును ఇసుకతో పోస్తుంది. నెర్రెల్లో నిండిన ఇసుక రాయిగా మారితే, పై పొర అడుగున ఇవే గోడలు మిగులుతాయి. నెర్రె కిందికి పోనుపోను సన్నబడుతుంది కనుక, పొరలు తలకిందులైన కొండల్లో భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పలచని కొస ఎటు చూస్తున్నదో చూసి, ఒకప్పుడు కింది వైపు ఏదో తేలుస్తారు.