గూటి పిల్లల రక్తపరీక్ష: ఆ ఒక్క అంకె చూసి పిల్లను గూట్లోంచి తీయకండి

పక్షులు గూళ్లు కట్టే కాలం మొదలైతే చాలు, నా ఫోన్‌కు ఒకే రకం ఫొటోలు వస్తాయి. పరీక్ష కాగితం మీద ఒక అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి ఉంటుంది: హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 31. "రక్తహీనతే కదా? పిల్లను తీసుకొచ్చి ఐరన్ చుక్కలు వేయమంటారా?" అని అడుగుతారు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. అరచేతిలో ఇమిడిపోయే ప్రాణం అది, ఎవరికైనా భయమేస్తుంది. కానీ ఈ భయం వల్లే బాగున్న పిల్లలు తల్లికి దూరమవుతున్నాయి. అందుకే ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: పెద్ద పక్షుల కంటే హెమటోక్రిట్, హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే పిల్లకు జబ్బు చేసినట్టే.

వాస్తవం: ఈకలు లేకుండా, కళ్లు తెరవకుండా పుట్టే జాతుల పిల్లల్లో అవి తక్కువగానే ఉంటాయి. ఒళ్లు రోజురోజుకీ పెరిగిపోతుంటే, ఎర్రకణాల తయారీ దాన్ని అందుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. మొదటి రోజుల్లో హెమటోక్రిట్ 30 శాతానికి అటూ ఇటూ ఉండి, ఎగిరే నాటికి 40 దగ్గరకు వస్తుంది. పెద్ద పక్షుల్లో సాధారణంగా 45 నుంచి 55 దాకా ఉంటుంది. స్లైడ్‌లో లేత ఎర్రకణాలు ఎక్కువ కనిపించినా కంగారు పడకండి, ఎదిగే పిల్లలో అది మామూలే.

ఈ తప్పు నేనూ చేశాను. మొదటి ఏడాది రెండు గూళ్ల పిల్లల రక్తం తీశాను. ఒక గూట్లో అన్నీ 30 దగ్గర, రెండో దాంట్లో అన్నీ 40 పైన. మొదటి గూడున్న చోట మేత దొరకడం లేదని నోట్‌బుక్‌లో రాసేశాను. మా సీనియర్ అది చదివి, "గుడ్డులోంచి బయటికొచ్చి ఎన్నాళ్లయింది?" అని మాత్రం అడిగారు. చూస్తే మొదటివి ఆరు రోజుల పిల్లలు, రెండోవి పదమూడు రోజులవి. అప్పటినుంచి పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన తేదీ గానీ, కనీసం వయసు అంచనాకు రెక్క పొడవు గానీ లేకుండా సూది ముట్టుకోలేదు.

ఎక్కువ ఉంటే మంచిదనీ కాదు. ఒంట్లో నీరు తగ్గినా హెమటోక్రిట్ పెరుగుతుంది. నిజంగా చూడాల్సింది ఒకే గూట్లో, ఒకే వయసు పిల్లల మధ్య తేడా. ఒక్కటే బాగా వెనకబడిందా? లేక గూడంతా ఆ వయసుకు ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉందా? అలాగైతే గూటి అడుగున వెతకండి. పిల్లల రక్తం తాగే ఈగల లార్వాలు, నల్లులు అక్కడే దాక్కుంటాయి.

మిగతావి క్లుప్తంగా.

అపోహ: మనుషుల రక్తం లెక్కపెట్టే మెషిన్ చాలు.
వాస్తవం: చాలదు. పక్షుల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది, మెషిన్ వాటినీ తెల్లకణాలుగా లెక్కేస్తుంది, దాంతో తెల్లకణాల లెక్క తప్పిపోతుంది. స్లైడ్ చేసి మైక్రోస్కోప్‌లో కళ్లతో లెక్కపెట్టాల్సిందే.

అపోహ: గ్లూకోజ్ 300 ఉంది కాబట్టి షుగర్ జబ్బు.
వాస్తవం: పక్షులకు అది మామూలే. దయచేసి ఈ పుకారు ఇక్కడితో ఆపండి.

అపోహ: హెటిరోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి పెరిగిందంటే మనం పట్టుకున్నందుకే.
వాస్తవం: పట్టుకున్న మూడు నిమిషాల్లోనే పెరగడం మొదలయ్యేది కోర్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోన్. ఈ నిష్పత్తి మారడానికి గంటలు పడుతుంది. అంటే అది మనం రాకముందు పిల్ల పడిన ఒత్తిడిని చెబుతోంది. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్కదాన్నీ చూసి కారణం తేల్చకూడదు.

అపోహ: స్లైడ్‌లో మలేరియా జాతి పరాన్నజీవులు కనిపించలేదు, కాబట్టి సోకలేదు.
వాస్తవం: సోకాక రక్తంలో కనిపించడానికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. చిన్న పక్షుల పిల్లలు చాలావరకు ఈలోపే ఎగిరిపోతాయి.

అపోహ: రక్తం తీస్తే పిల్ల బతకదు.
వాస్తవం: అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లు ఒంటి బరువులో 1 శాతం దాటకుండా తీస్తే తట్టుకుంటుంది. పది గ్రాముల పిల్లకు 0.1 మిల్లీలీటరు మించకూడదు. హెమటోక్రిట్‌కు సన్నటి గాజు గొట్టంలో సగం చాలు. రెక్క కింద దూది అదిమి, రక్తం పూర్తిగా ఆగిందని చూశాకే నేను గూట్లో పెడతాను. మనిషి చెయ్యి తగిలితే తల్లి రాదనే మాటా నిజం కాదు. దూరంగా జరిగి నిలబడితే, కాసేపటికి నోట పురుగు పట్టుకుని వస్తుంది.