మొదటి బూట్ బాగుంది, రెండోది చచ్చింది: వీఎంలో మెమరీ మ్యాపింగ్ మీద కొన్ని అపోహలు

కావలిలో మేడ మీద గదిలో కూర్చుని వర్చువల్ మెషీన్లలో (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ని లేపడం, అంటే బూట్ చేయడం, నా పని. సాయంత్రం మా అమ్మ మెట్ల దగ్గర నుంచే "ఇయ్యాల లేచిందా?" అంటుంది. ఏది లేవాలో ఆమెకు తెలియదు, నా మొహం చూసి అడుగుతుందంతే. మెమరీ మ్యాపింగ్ గురించి, అంటే ఏ అడ్రసు వెనక ఏ మెమరీ ఉందన్నదాని గురించి, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు గట్టిగా నమ్మే సంగతులు కొన్ని ఉన్నాయి. చాలావరకు నేనూ ఒకప్పుడు నమ్మినవే.

అపోహ: 4 జీబీ ర్యామ్ ఇచ్చాం, సున్నా నుంచి 4 జీబీ దాకా వరసగా ర్యామే ఉంటుంది.

ఉండదు. క్యూఎమ్యూలో (వీఎంలను నడిపే ప్రోగ్రామ్) పాత ఐ440ఎఫ్ఎక్స్ మెషీన్ మోడల్‌కి 4 జీబీ ఇస్తే మామూలుగా అందులో 3 జీబీ కింది అడ్రసుల్లో ఉంటుంది, మిగిలిన 1 జీబీ 4 జీబీ గీతకు పైన పడుతుంది. క్యూ35 అనే ఇంకో మోడల్ అయితే కింద 2, పైన 2. మధ్యలో ఖాళీ పీసీఐ డివైజ్‌లది. ఊళ్లో ఇంత భూమి ఉందని తెలిసినంత మాత్రాన ఏది పట్టానో, ఏది చెరువు పోరంబోకో అడంగల్ చూడకుండా నాగలి కట్టం కదా, ఇక్కడ ఆ అడంగల్ పేరు ఈ820 పట్టిక, బూట్ అయ్యేటప్పుడు ఫర్మ్‌వేర్ ఇచ్చే మెమరీ జాబితా. అందులో 1వ రకం మనది, 2వ రకం ముట్టుకోకూడనిది, 3వ రకం అందులోని ఏసీపీఐ (హార్డ్‌వేర్) వివరాలు చదువుకున్నాక వాడుకోదగ్గది. ఆ ఖాళీలో పొరపాటున పేజీ టేబుల్ (వర్చువల్ అడ్రసు ఏ ఫిజికల్ అడ్రసుకు వెళ్తుందో చెప్పే పట్టిక) కడితే ఎవరూ అడ్డం రారు, ఫాల్టూ రాదు, రాసిందల్లా గాలికి పోతుంది. పేజీ టేబుల్ ఎక్కడుందో సీపీయూకి చెప్పే సీఆర్3 రిజిస్టర్‌లో ఆ అడ్రస్ పెట్టాక గానీ విషయం తెలియదు.

అపోహ: వీఎం ఊరికే రీబూట్ అవుతోంది, దాన్ని నడిపే హైపర్‌వైజర్‌లో బగ్ ఉంది.

ఈ మాట నాకు చెప్పిన వాళ్లలో ఒక్కరి విషయంలో కూడా అది నిజం కాలేదు. అది ట్రిపుల్ ఫాల్ట్. మ్యాపింగ్ లేని అడ్రసును ముట్టుకుంటే పేజీ ఫాల్ట్ వస్తుంది, దాన్ని అందుకునే హ్యాండ్లర్ ఉండదు, డబుల్ ఫాల్ట్ అవుతుంది, దానికీ దిక్కుండదు, సీపీయూ రీసెట్. తరచూ చూసేది ఇది: కెర్నల్ పై అడ్రసులకు దూకేసింది, ఇక కిందున్న ఐడెంటిటీ మ్యాపింగ్ (వర్చువల్, ఫిజికల్ అడ్రసులు ఒకటే అయ్యేది) ఎందుకని తీసేశాం, కానీ జీడీటీ (సెగ్మెంట్ల వివరాల పట్టిక) ఎక్కడుందో చెప్పే రిజిస్టర్‌లో ఇంకా పాత కింది అడ్రసే ఉంది. అప్పటికప్పుడు ఏమీ కాదు, నాలుగు ఇన్‌స్ట్రక్షన్లు హాయిగా నడుస్తాయి. తర్వాత సెగ్మెంట్ రిజిస్టర్ లోడ్ చేయగానే సీపీయూ జీడీటీ కోసం వెళ్తుంది, అక్కడ మ్యాపింగ్ లేదు, కథ ముగిసింది. క్యూఎమ్యూకి నో-రీబూట్, నో-షట్‌డౌన్ ఆప్షన్లు రెండూ ఇచ్చి ఆపండి, ఫాల్ట్ వచ్చిన అడ్రసు ఉండే సీఆర్2 రిజిస్టర్ చూడండి, మీ జీడీటీ పాత అడ్రసు అక్కడే కనబడుతుంది. ఇంటరప్ట్ లాగ్ కావాలంటే మాత్రం కేవీఎం (గెస్ట్ కోడ్‌ని నేరుగా అసలు సీపీయూ మీద నడిపేది) తీసేసి టీసీజీలో (అదే కోడ్‌ని క్యూఎమ్యూ సాఫ్ట్‌వేర్‌తో అనువదించి నడిపేది) నడపాలి, కేవీఎంలో ఆ లాగ్ రాదు. చాలామంది ఖాళీ లాగ్ ఫైల్ ముందు గంటలు కూర్చుంటారు.

అపోహ: డీబగ్గర్ జీడీబీలో పెట్టిన బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగలేదు, అంటే ఆ కోడ్ నడవలేదు.

రీసర్వేలో మా పొలానికి పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చింది. పొలం అక్కడే ఉంది, నంబరే వేరు. ఇక్కడా అంతే: పేజింగ్ (పేజీ టేబుళ్లతో అడ్రసులు మార్చడం) ఆన్ కాకముందు కెర్నల్ నడిచేది ఫిజికల్ అడ్రసులో, జీడీబీ వెతికేది సింబల్ ఫైల్లోని వర్చువల్ అడ్రసులో. పైగా కేవీఎంలో మామూలు బ్రేక్‌పాయింట్ అంటే మెమరీలో ఒక బైటు మార్చడమే, లినక్స్ తనను తాను విప్పుకుంటూ దాని మీదే రాసుకుపోతుంది. హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ పెట్టండి, కెర్నల్ ప్రతిసారీ వేరే అడ్రసులో కూర్చోకుండా నోకేఏఎస్ఎల్ఆర్ ఆప్షన్ ఇవ్వండి.

అపోహ: వీఎంలో వందసార్లు బూట్ అయింది, మ్యాపింగ్ కోడ్ సరిగ్గానే ఉంది.

దీనికి నేనే వారం రోజులు బలయ్యాను. కొత్తగా క్యూఎమ్యూ తెరిస్తే కెర్నల్ ఎప్పుడూ లేచేది. లోపలి నుంచి రీబూట్ కొడితే మాత్రం పేజీ టేబుళ్లు కట్టే చోట బిగుసుకుపోయేది. టెన్షన్‌లో మెమరీ పంచే అలకేటర్ మొత్తం తిరగరాశాను కూడా. చివరికి తప్పు దొరికింది ఒక్క అక్షరంలో. బీఎస్ఎస్‌ని (మొదట్లో సున్నాలుగా ఉండాల్సిన డేటా భాగం) సున్నాలు చేసే లూప్‌లో లెక్క ఎనిమిదేసి బైట్లకు వేసి, ఇన్‌స్ట్రక్షన్ మాత్రం స్టాస్‌క్యూ బదులు స్టాస్‌డీ రాశాను, అది నాలుగేసి బైట్లే రాస్తుంది. అంటే సగమే తుడిచింది. హోస్ట్ (వీఎం నడుస్తున్న అసలు కంప్యూటర్) కొత్తగా ఇచ్చే మెమరీ ఎలాగూ సున్నాలతోనే వస్తుంది కాబట్టి మొదటిసారి నా తప్పు కప్పుకుపోయింది. రీసెట్ కొడితే గెస్ట్ (వీఎం) ర్యామ్‌ని ఎవరూ తుడవరు, పాత బూట్ నాటి పేజీ టేబుల్ ఎంట్రీలు, ఈ ఎంట్రీ చెల్లుతుందని చెప్పే ప్రెజెంట్ బిట్‌తో సహా, అలాగే ఉన్నాయి. నా కోడ్ వాటిని చూసి, టేబుల్ ఉందిలే అనుకుని, ఈసారి ఇంకెవరికో ఇచ్చేసిన పేజీలో రాయడం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి నా స్క్రిప్టులో ప్రతి టెస్టూ రెండుసార్లు బూట్ అవుతుంది. రెండోసారి క్యూఎమ్యూ మూయకుండా, రీసెట్ కొట్టి.