హెచ్‌ఐవీ మందులు, తిండి: అపోహలు - వాస్తవాలు

విశాఖలో ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, వాడేవాళ్లకు తిండి విషయాలు చెప్పడం నా పని. రోజూ వినే అపోహలు కొన్ని రాస్తున్నాను. ఆఖరుది మాలాంటివాళ్లదే.

అపోహ: మందులు వాడుతున్నంత కాలం పథ్యం ఉండాలి.
మా ఉత్తరాంధ్రలో ఏ జబ్బుకైనా ముందు చెప్పేది పథ్యమే. వంకాయ వద్దు, చేప వద్దు, గుడ్డు వేడి చేస్తుంది. ఏఆర్‌టీకి అలాంటి పథ్యం లేదు. లక్షణాలు లేని పెద్దవాళ్లకే మామూలుకన్నా దాదాపు 10 శాతం ఎక్కువ శక్తి కావాలి. టీబీలాంటివి తోడైతే 20 నుంచి 30 శాతం. చారన్నంతో సరిపెట్టుకుంటే అదెక్కణ్ణుంచి వస్తుంది?

అపోహ: యాపిల్స్, డబ్బా పొడులు కొనగలిగితేనే బలం.
చోడి (రాగి) అంబలి, పప్పు, మునగాకు, కవ్వళ్ల చేపల పులుసు చాలు. పచ్చి గుడ్డు, కాచని పాలు మాత్రం వద్దు.

అపోహ: బలం బిళ్లలు ఎప్పుడు వేసుకున్నా ఒకటే.
కాదు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చే మాత్రలో డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉంటుంది. ఖాళీ కడుపుతో ఐరన్, కాల్షియం బిళ్లలు కలిపి వేసుకుంటే అది ఒంటికి సరిగా పట్టదు. అన్నంతో పాటైతే కలిపి వేసుకోవచ్చు. లేదంటే ఏఆర్‌టీ మాత్ర వాటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోవాలి. గ్యాస్‌కి తాగే తెల్ల మందుకైతే, తిన్నా తినకపోయినా ఈ ఎడం ఉండాల్సిందే.

అపోహ: కంచం, గ్లాసు వేరుగా పెట్టాలి.
అక్కర్లేదు. కలిసి తింటే హెచ్‌ఐవీ రాదు.

అపోహ: ఎంత చెప్పినా వీళ్లు వినరు.
నేనూ అనుకున్నాను. ఒకావిడ మూడు నెలలు తల ఊపింది, బరువు మాత్రం పెరగలేదు. కాస్త గట్టిగానే మాట్లాడాను. చివరికి ఎవరూ లేనప్పుడు చెప్పింది: నేనిచ్చిన డైట్ కాగితాన్ని ప్రతిసారీ బస్సెక్కే ముందే చింపేస్తోందట. కాగితం పైన ఏఆర్‌టీ అని పెద్దక్షరాలు! ఇంట్లో వంట అత్తగారిది. గుడ్డు అడిగితే ‘ఇప్పుడెందుకు?’ అంటారు. ఈ మాటలు మందుల క్యూ పక్కనున్న నా టేబుల్ దగ్గర ఎలా చెబుతుంది? పోనీ అత్తగారిని పిలిచి చెబుదామా అంటే, కోడలు ఒప్పుకోకుండా ఆమె హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి చట్టమే ఉంది.

రిపోర్టు చూస్తే హిమోగ్లోబిన్ నిజంగానే తక్కువ. మామూలు తెల్ల కాగితం మీద ‘రక్తం తక్కువ, రోజూ గుడ్డు, ఆకుకూర’ అని రాసిచ్చాను.

తర్వాతి నెల వచ్చి, “అత్తయ్యే ఉడకబెట్టి పెడతన్నారు మేడం” అంది.