చెక్క మీద సాళ్లు: నగిషీ యంత్రం దారి

టేకు తలుపు మీద తామర పువ్వు చెక్కే సీఎన్‌సీ యంత్రం (కంప్యూటర్ ఆదేశాలతో నడిచేది) ముందు కాసేపు నిలబడితే, అది పొలం దున్నుతున్నట్టే కనిపిస్తుంది. ఒక సాలు వేసి, కొద్దిగా పక్కకు జరిగి మరో సాలు వేస్తుంది. పని ఎప్పటికి పూర్తవుతుందన్నది మోటారు బలం కంటే ఈ సాళ్లను మనం ఎలా వేయించామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

300 మిల్లీమీటర్ల చదరపు పలకనే తీసుకుందాం. ముందుగా లావుపాటి బిట్‌తో, అంటే గిర్రున తిరుగుతూ చెక్కను కోసే మొనతో, వృథా చెక్కనంతా తీసేశాక, గుండ్రటి మొనగల 6 మి.మీ. వ్యాసం బిట్‌తో నునుపు చేయాలి. సాలుకూ సాలుకూ మధ్య 0.6 మి.మీ. దూరం పెడితే 500 సాళ్లు, అంటే 150 మీటర్ల ప్రయాణం. నిమిషానికి 3,000 మి.మీ. వేగంతో 50 నిమిషాలు పడుతుంది. రెండు సాళ్ల మధ్య మిగిలే సన్నని గట్టు ఎత్తు సుమారు 0.015 మి.మీ. ఎడాన్ని 1.2 మి.మీ. చేస్తే సమయం సగమవుతుంది, కానీ గట్టు రెట్టింపు కాదు, నాలుగింతలై 0.06 మి.మీ.కు చేరుతుంది. ఎడం వర్గాన్ని బిట్ వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే గట్టు ఎత్తు వస్తుంది కనుక ఇలా జరుగుతుంది.

ఈ లెక్క సమతలానికే సరిపోతుంది. రేకు అంచు 60 డిగ్రీల వాలుతో దిగే చోట, పైనుంచి చూస్తే ఎడం అంతే ఉన్నా, వాలు వెంట కొలిస్తే రెట్టింపు ఉంటుంది, గట్టు అక్కడ కూడా నాలుగింతలవుతుంది. పువ్వు నడిమంతా అద్దంలా వచ్చి, రేకుల అంచులు మాత్రం మెట్లు మెట్లుగా మిగలడానికి కారణం ఇదే. పలక మొత్తానికి ఎడం తగ్గించడం దండగ. నిటారు అంచుల వరకు మాత్రమే, ఒకే లోతులో చుట్టూ తిరిగే దారిని ఇవ్వడం మేలు.

సన్నని బిట్ విషయంలోనూ ఇదే వివేకం కావాలి. అదే నునుపు కోసం 3 మి.మీ. బిట్‌తో పలకంతా తిప్పితే 50 నిమిషాల పని 70 నిమిషాలు దాటుతుంది. పెద్ద బిట్ దూరలేని మూలలకే దాన్ని పంపాలి.

చిత్రిక పట్టే వడ్రంగికి చెక్క పోగుల దిశ చూసుకోవాలని ఎవరూ చెప్పనక్కర్లేదు. యంత్రానికి మాత్రం మనమే చెప్పాలి. సాళ్లు పోగుల వెంట సాగితే మిగిలిన గట్లు చెక్క గీతల్లో కలిసిపోతాయి, ఉప్పు కాగితంతో సులువుగా పోతాయి. పోగులకు అడ్డంగా కోస్తే నూగు లేస్తుంది. బిట్ ముందుకు సాగే వేగం మరీ తగ్గిస్తే అది కోయకుండా రాసుకుని చెక్కను మాడుస్తుంది. టేకులోని సిలికా బిట్ పదునును ఎలాగూ తినేస్తుంది, దానికి ఈ రాపిడి కూడా తోడవుతుంది.

వేగం పెంచినంత మాత్రాన పని త్వరగా అవుతుందనుకోవడమూ పొరపాటే. గడిచే ప్రతి సెకనుకూ తన వేగాన్ని సెకనుకు 500 మి.మీ. చొప్పున పెంచుకోగల యంత్రం నిమిషానికి 3,000 మి.మీ. వేగం అందుకోవడానికి 2.5 మి.మీ. నడవాలి, ఆగడానికి మరో 2.5 మి.మీ. కావాలి. నాలుగు మి.మీ. గీతలో అది ఆ వేగాన్ని ఎన్నడూ అందుకోదు. అందుకే తునకలు తునకలుగా తెగే దారి కంటే పొడవుగా, ఎడతెగకుండా సాగే దారి మంచిది.

చివరగా, గాలిలో నడక. ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లేటప్పుడు బిట్ 25 మి.మీ. పైకి లేస్తోందనుకుందాం. పట్టు బిగించిన క్లాంపులు దారిలో లేవని చూసుకుని ఆ ఎత్తును 3 మి.మీ.కు దించితే, 200 సార్లు లేచి దిగే పలకలో 8.8 మీటర్ల నడక మిగులుతుంది. పైకీ కిందికీ నిమిషానికి 1,000 మి.మీ. మాత్రమే కదిలే యంత్రం మీద అది దాదాపు తొమ్మిది నిమిషాలు.