అర్బ్నోరి సవరణ: ఒక దీక్ష, దాని వెనక 28 ఏళ్ల జైలు

1997 ఆగస్టులో అల్బేనియాలో ఒక ప్రతిపక్ష ఎంపీ నిరాహార దీక్షకు కూర్చున్నారు. పేరు ప్యేటర్ అర్బ్నోరి, వయసు 62. కొద్ది వారాల ముందు వరకు ఆయనే పార్లమెంటు స్పీకర్. ఆయన డిమాండ్ ఒక్కటే: ప్రభుత్వ టీవీలో ప్రతిపక్షం మాట కూడా వినపడాలి. దీక్ష ఇరవై రోజులు సాగింది. ఫలితంగా ప్రతిపక్షానికి టీవీలో చోటు దక్కేలా ఒక నిబంధన చట్టంలోకి వచ్చింది. దాన్ని అక్కడ ఇప్పటికీ అర్బ్నోరి సవరణ అనే పిలుస్తారు.

టీవీలో కాసేపు కనపడటానికి ప్రాణం మీదికి తెచ్చుకోవాలా అనిపిస్తుంది. కానీ అల్బేనియాలో టీవీ సంగతి వేరు. 1944 నుంచి 1985లో చనిపోయేదాకా కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా ఏలిన దేశం అది. చూడటానికి ఉన్నది ఒకే ఒక్క సర్కారీ చానల్. అందులో వచ్చేది పార్టీ చెప్పిందే. సముద్రం దాటితే ఇటలీ. ఆ సిగ్నల్ అందుకోవడానికి జనం ఖాళీ డబ్బాలో చిన్న ఎలక్ట్రానిక్ పరికరం అమర్చి, గుట్టుగా యాంటెనాకు తగిలించుకునేవారు. పొరుగువాడు పసిగడితే, ఆ కబురు సిగురిమికి, అంటే రహస్య పోలీసులకు, చేరిపోతుందన్న భయం ఉండేది. ఒక తరం అల్బేనియన్లకు ఇటాలియన్ నేర్పిన బడి ఆ డబ్బానే. టీవీ ఎవరి చేతిలో ఉంటే దేశం వాళ్లదే అన్న సంగతి అక్కడ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అర్బ్నోరి 1935లో రేవు పట్టణం డుర్రెస్‌లో పుట్టారు. తండ్రి జెండర్మరీ (సైనిక తరహా పోలీసు దళం) అధికారి. కమ్యూనిస్టు గెరిల్లాలతో పోరులో చనిపోయారు. కొత్త ప్రభుత్వం దృష్టిలో ఆ కుటుంబానికి అదే పెద్ద మచ్చ. అప్పట్లో ప్రతి మనిషికీ ఒక 'జీవిత చరిత్ర' ఫైలు ఉండేది. అందులో తండ్రి, మేనమామ, బాబాయి ఎవరి వైపు నిలబడ్డారో రాసి ఉండేది. కాలేజీ సీటు, ఉద్యోగం, ఒక్కోసారి పెళ్లి సంబంధం కూడా ఆ ఫైలును బట్టే తేలేవి. ఎవరైనా దేశం దాటి పారిపోతే, వెనక మిగిలిన ఇంటిల్లిపాదినీ మారుమూల పల్లెకు తరలించేవారు. అర్బ్నోరి చదువులో ముందుండేవారు. అయినా పైచదువుల తలుపు మూసేశారు. ఆయన దొంగ కాగితాలతో రాజధాని టిరానాలోని యూనివర్సిటీలో చేరి సాహిత్యం చదివారు, తర్వాత టీచరయ్యారు.

1960 ప్రాంతంలో కొందరు మిత్రులతో కలిసి పశ్చిమ ఐరోపా తరహా సోషల్ డెమొక్రటిక్ పార్టీ పెట్టాలనుకున్నారు. ఆయుధాల్లేవు, కుట్ర లేదు. కాగితం మీద ఒక కార్యక్రమం రాసుకున్నారు, అంతే. 1961లో అరెస్టు చేశారు. విచారణ పేరుతో సుదీర్ఘంగా హింసించి, చివరికి మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని 25 ఏళ్ల జైలుగా మార్చారు. ఆ లెక్కన 1986లో బయటికి రావాలి. జైల్లో ఉండగానే మరో శిక్ష తగిలించడంతో గడువు జరిగింది. ఆయన గడిపిన జైళ్లలో, రాజకీయ ఖైదీలకు పేరుమోసిన బుర్రెల్ కూడా ఒకటి. అక్కడే చాటుమాటుగా కథలు, నవలలు రాశారు. అచ్చవుతాయన్న ఆశ లేకుండా రాయడం ఎంత మొండితనమో రాసేవాళ్లకు తెలుస్తుంది. ఆ రచనలు తర్వాతి కాలంలో పుస్తకాలుగా వచ్చాయి.

ఆయన విడుదలైంది 1989లో. 26 ఏళ్ల వయసులో లోపలికి వెళ్లిన మనిషి 54 ఏళ్లకు బయటికొచ్చారు. మనకు బాగా తెలిసిన మరో అల్బేనియన్, మదర్ థెరిసా, ఆ దేశంలో తొలిసారి కాలు పెట్టగలిగింది కూడా ఆ ఏడాదే. ఆమె తల్లి, అక్క టిరానాలోనే ఉండేవారు. ఇద్దరూ 1970ల మొదట్లోనే పోయారు. బతికుండగా వాళ్లను చూడటానికి ఆమెకు అనుమతి దొరకలేదు.

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. 1990 డిసెంబర్‌లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, ప్రతిపక్ష పార్టీలకు అనుమతి దొరికింది. ఉత్తరాదిన ష్కోడర్‌లో డెమొక్రటిక్ పార్టీని నిలబెట్టినవాళ్లలో అర్బ్నోరి ఒకరు. 1991 మార్చి 31 ఎన్నికల్లో కమ్యూనిస్టులే గెలిచారు. రెండు రోజులకే ష్కోడర్‌లో నిరసనకారులపై కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో డెమొక్రటిక్ పార్టీ గెలిచింది, అర్బ్నోరి స్పీకరయ్యారు. పాత అధ్యక్షుడు రామిజ్ అలియా రాజీనామాకూ కొత్త అధ్యక్షుడి ఎన్నికకూ మధ్య కొద్ది రోజులు దేశాధినేత బాధ్యతలు కూడా చూశారు. కొత్త అధ్యక్షుడు సాలి బెరిషా గుండె డాక్టర్. అంతకుముందు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. జైళ్ల నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి ఇది మింగుడు పడలేదు.

అర్బ్నోరిని బాల్కన్ల మండేలా అని పొగిడేవాళ్లు ఇక్కడ కొంచెం తొందరపడి ముందుకెళ్లిపోతారు. ఆయన స్పీకర్‌గా ఉన్న ఐదేళ్లలో ప్రభుత్వ టీవీ బెరిషా కనుసన్నల్లోనే నడిచింది. 1994లో జర్నలిస్టులకు జైలు శిక్షలు పడ్డాయి. ప్రతిపక్ష సోషలిస్టు నేత ఫాతోస్ నానో 1993 నుంచి కటకటాల వెనకే. వీటన్నిటికీ స్పీకర్ ఒక్కరే బాధ్యులు కారు, నిజమే. కానీ ప్రతిపక్షం గొంతు గురించి ఆ ఐదేళ్లలో ఆయన దీక్షకు కూర్చోలేదన్నది కూడా నిజమే.

1997 మొదట్లో గొలుసుకట్టు స్కీములు కుప్పకూలి, లక్షల కుటుంబాల డబ్బు పోయింది. జనం ఆయుధాగారాలు కొల్లగొట్టారు, దాదాపు 2,000 మంది చనిపోయారు. జూన్ ఎన్నికల్లో సోషలిస్టులు గెలిచారు. అదే ఏడాది మార్చిలో జైలు నుంచి బయటపడ్డ నానో ప్రధాని అయ్యారు. ప్రభుత్వ టీవీ చేతులు మారింది, అలవాటు మారలేదు. అర్బ్నోరి దీక్షకు దిగింది అప్పుడే. 28 ఏళ్లు జైలు తిండి తిన్న ఒంటితో ఆ వయసులో దీక్ష అంటే బెదిరింపు రాజకీయం అనేసి ఊరుకోవడం ఎవరికైనా కష్టం. అందుకే అధికార పక్షం దిగిరాక తప్పలేదు.

అర్బ్నోరి 2006 జులైలో ఇటలీలోని నేపుల్స్‌లో కన్నుమూశారు. అంతకు ముందు ఏడాది బెరిషా పార్టీ ఎన్నికల్లో గెలిచి తిరిగి అధికారంలోకి వచ్చింది. అర్బ్నోరి సాధించిన నిబంధన చూపించి టీవీలో చోటు అడిగే వంతు ఈసారి సోషలిస్టులది.