త్రీనాట్‌త్రీ: కొలిమికి పోయేముందు చదవాల్సిన చరిత్ర

వరంగల్, కరీంనగర్ ప్రాంతాల్లో నడివయసు దాటినవారికి పోలీసు పహరా అనగానే చెక్క మడమ ఉన్న పొడవాటి త్రీనాట్‌త్రీ రైఫిల్ గుర్తుకొస్తుంది. ఇప్పుడు దాని కాలం తీరింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంతో దానికి వీడ్కోలు పలికారు. పనికిరాదని తేల్చిన ఆయుధాలను మామూలుగా ముక్కలు చేసి కరిగిస్తారు. మన దగ్గర మిగిలినవాటికి ఆ గతి పట్టకముందే, వాటి మీద ఉన్న రాతను చదివి భద్రపరచాలి.

ఇది లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్. గొట్టం లోపలి వ్యాసం, అంటే బోరు, .303 అంగుళం కాబట్టి త్రీనాట్‌త్రీ అన్నారు. బ్రిటిష్ సైన్యం 1895లో చేపట్టింది. మనకు బాగా తెలిసిన మార్క్ 3 రకం 1907లో వచ్చింది. పది తూటాల మ్యాగజైన్, దాదాపు నాలుగు కిలోల బరువు. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో ఇవి లక్షల్లో తయారయ్యాయి.

తూటాను గొట్టంలోకి తోసే కడ్డీ అయిన బోల్టు వెనుక, మడమ మొదలయ్యే చోట లోహపు పట్టీ ఉంటుంది. రైఫిల్ పుట్టుక అంతా అక్కడే. కుడివైపు కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. (లాటిన్‌లో ‘జార్జి, రాజు, చక్రవర్తి’) అనే అక్షరాలు, ఇషాపూర్ పేరు, సంవత్సరం ఉంటే అది బ్రిటిష్ రాజుగారి కాలంలో ఇక్కడ తయారైంది. కిరీటం స్థానంలో మూడు సింహాలు ఉంటే స్వాతంత్ర్యం తరవాతిది. బోల్టు మీది అంకె, చట్రం మీది అంకె కలవకపోతే మధ్యలో ఏదో ఆయుధాగారంలో భాగాలు మారాయన్నమాట. ముందు చెక్కకు అడ్డంగా బిగించిన మర ఉంటే అది భారత్‌లో చేసిన మరమ్మతు అయివుండే అవకాశం ఎక్కువ.

తెలంగాణలో ఈ గుర్తులకు మరింత విలువ ఉంది. నిజాం పాలనలో దొరలకు ఎదురు తిరిగిన రైతుల పోరాటంలో, 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు నేలకొరిగిన నాటికి జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, ఒడిసెలలు. ఆ తరవాత సాయుధ పోరాట దళాల చేతికి బర్మార్లు (గొట్టం ముందు నుంచి మందు కూరే నాటు తుపాకులు), శత్రువు నుంచి లాక్కున్న రైఫిళ్ళు వచ్చాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి విమానాల్లో నిజాం ప్రభుత్వానికి ఆయుధాలు చేరవేశాడు. అదే ఏడాది సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. అంటే ఇక్కడ దొరికే పాత రైఫిల్ నిజాం సైన్యానిది కావచ్చు, కాటన్ తెచ్చినది కావచ్చు, భారత సైన్యం వెంట వచ్చినది కావచ్చు, తరవాత పోలీసులకు ఇచ్చినది కావచ్చు. ముద్రలనూ ఆయుధాగారం రిజిస్టర్లనూ కలిపి చూస్తేనే ఏ దారిన వచ్చిందో కొంతైనా తేలుతుంది.

ఇషాపూర్ రైఫిళ్ళు మిగులు సరుకుగా అమెరికా, కెనడాలకూ వెళ్ళాయి. 1962 యుద్ధం తరవాత అదే నమూనాలో చేసిన 7.62 మిల్లీమీటర్ల 2ఎ రకం కూడా అందులో ఉంది. అక్కడి ఔత్సాహికులు ఏళ్ళనాటి గ్రీజు తుడిచి, ఎండిన చెక్కకు అవిసె నూనె పట్టించి, ఒక్కో ముద్రనూ ఫొటో తీసి జాబితా రాస్తారు. మన కర్మాగారం చరిత్ర పరాయి దేశంలో అంత శ్రద్ధగా నమోదవుతుంటే, ఇక్కడ అది తుక్కు తూకంలో కలిసిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మన దేశంలో ఈ బోరు సామాన్యులకు నిషిద్ధం. అది సరైనదే. అందుకే ఈ పని పోలీసు శాఖే చేయాలి. కరిగించే ముందు ప్రతి రైఫిల్ ముద్రలనూ ఫొటో తీయించాలి, నంబర్లు రాయించాలి. వేర్వేరు కాలాలవి కొన్నింటిని ఎన్నటికీ పేలకుండా చేసి, వరంగల్‌లో బర్మార్లతో పాటు ప్రదర్శనకు ఉంచాలి.